శ్రుతి ఎవరు కలపాలి?

దోమల గురించి మన మగవాళ్ళందరికీ కంఠతా వచ్చిన శాస్త్ర విషయం ఒక్కటుంది. కుట్టేది ఆడదోమే! చిన్నప్పుడు సైన్సులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవారు కూడా ఈ ఒక్క ముక్కనూ జన్మంతా గుర్తుపెట్టుకుంటారు. రాత్రిపూట దోమ కుట్టగానే వీపు గోక్కుంటూ, "చూశావా, ఇదీ ఆడదే" అని భార్య వైపు తిరిగి నవ్వని భర్త తెలుగునాట ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండ వేసి వస్తాను.

అది అబద్ధమని అనను. కుట్టేది ఆడదోమే. మన సికింద్రాబాదులో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దొరగారు దోమ పొట్ట కోసి అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడే, ఆ దోమా ఆడదే. ఆ పనికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆడదోమకు అపకీర్తి వచ్చింది.

అయితే ఈ నిజంలో సగమే మనవాళ్ళు చెప్పుకుంటారు. మామూలుగా బతకడానికి ఆడా మగా రెంటికీ పూలలోని తీపిరసం చాలు. ఆడదానికి రక్తం కావలసింది తన ఆకలి తీర్చుకోవడానికి కాదు, గుడ్లు పెట్టడానికి. ఆ గుడ్లకు కావలసిన మాంసకృత్తులు పూలరసంలో దొరకవు. అందుకని ఒక్క చప్పట్లో ప్రాణం పోతుందని తెలియని ఆ పిచ్చిజీవి మన ఒంటిమీద వాలుతుంది. మగదానికి ఆ బాధ్యత లేదు కాబట్టి పూలమీద కూర్చుని సాధువుగా పేరు తెచ్చుకుంది. ఇంత చెప్పానని దోమల మీద జాలిపడి తెర తీసేయమనడం లేదండోయ్! ఇంట్లో పసిపిల్లకు డెంగ్యూ వస్తే ఆ జాలి ఎక్కడికి పోతుందో ప్రతి తల్లికీ తెలుసు.

నేను చెప్పదలచుకున్నది దోమకాటు గురించి కాదు, దోమపాట గురించి. సరిగ్గా కునుకు పట్టే వేళకు చెవి దగ్గర జుంయ్ మని వినిపిస్తుందే, ఆ పాట.

ఆ పాట నోటితో పాడేది కాదు, రెక్కల చప్పుడు. డెంగ్యూ తెచ్చే ఏడిస్ జాతి ఆడదోమ సెకనుకు దాదాపు 400 సార్లు రెక్కలాడిస్తుంది. మగది దానికంటే చిన్న శరీరం కాబట్టి ఇంకా వేగంగా, దాదాపు 600 సార్లు. మనకు రెండూ రొదే. కానీ మగదోమకు ఆ 400 రొద కాదు, పిలుపు. ఆడదోమ కదలకుండా కూర్చుని ఉంటే మగది పక్కనుంచే వెళ్ళిపోతుంది, గుర్తైనా పట్టదు. అదే ఆడదోమ ఎగిరిందా, రెక్క చప్పుడు వినబడిందా, వెంటపడుతుంది. రూపమూ కాదు, రంగూ కాదు, చప్పుడే సంబంధం కుదిర్చే పేరయ్య.

ఈ సంగతి కనిపెట్టిన వైనం కూడా చిత్రంగానే ఉంటుంది. బాల్టిమోర్‌లో జాన్‌స్టన్ అనే డాక్టరు 1855లో దోమ తలమీది మీసాల మొదట్లో ఉన్న చిన్న బుడిపెను పరీక్షించి, ఇది చెవి అన్నాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే. 1874లో మేయర్ అనే మరో అమెరికన్ మగదోమను అద్దంమీద అంటించి, దగ్గర ట్యూనింగ్ ఫోర్కు మోగించి, ఆ మీసాల వెంట్రుకలు కదలడం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ తరువాత 1878లో, మాక్సిమ్ తుపాకీకి పేరిచ్చిన హైరమ్ మాక్సిమ్ అమెరికాలో సారటోగా అనే ఊళ్ళో పెద్ద హోటలుకి కరెంటు దీపాలు పెట్టించాడు. ఆ సామానులో ఒకటి సన్నగా మూలుగుతూ ఉండేది. సాయంత్రం అయ్యేసరికి దానిమీద దోమలు కుప్పలు. చూస్తే అన్నీ మగవే! పాపం, ఆ ఇనప సామాను గొంతు విని ఆడదోమ అనుకున్నాయన్నమాట. 1948లో లూయిస్ రాత్ అనే శాస్త్రజ్ఞుడు ట్యూనింగ్ ఫోర్కు మోగిస్తే మగదోమలు వచ్చి దాని పక్కనున్న గుడ్డనే పట్టుకుని వేలాడాయి. మోహం కళ్ళు కప్పేస్తుందని మన పెద్దలు ఊరికే అన్నారా!

ఇక్కడివరకూ మగదోమ కథే. మరి ఆడదోమ మాటేమిటి?

చాలా దశాబ్దాలపాటు శాస్త్రం చెప్పిన జవాబు ఒక్కటే: ఆడదోమకు చెవుడు. ఇంచుమించు అలాగే అనుకున్నారు. మగదోమ ఒక్కో చెవిలో దాదాపు 15,000 నాడీకణాలు ఉంటాయి. మనిషి లోచెవిలోని వినికిడి కణాలూ రమారమి అన్నే. బియ్యపుగింజంత ప్రాణికి అంత చెవి! ఆడదోమ చెవిలో అందులో సగం ఉంటాయి. సగమంటే వేలే కదా, అవన్నీ అలంకారానికా? కాదని ఎవరికీ అనిపించినట్టు లేదు. ఎందుకంటే, చప్పుడు చేస్తే మగవి పరుగెత్తుకుంటూ వచ్చాయి, ఆడవి రాలేదు. రాలేదు కాబట్టి వినబడలేదన్నారు. ఆమె పని వినబడడమే గాని వినడం కాదని తేల్చారు.

ఈ తర్కం మనకు కొత్తేమీ కాదు. వంటింట్లోంచి జవాబు రాకపోతే, లోపలివాళ్ళకు వినబడలేదనుకునే ఇళ్ళు మనం చూడలేదూ? నలుగురు మగవాళ్ళు హాల్లో కూర్చుని పొలం అమ్మకం గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. కాఫీలు అందించి వెళ్ళే కోడలు ఒక్క మాటా అనదు. "దానికివన్నీ ఏం తెలుస్తాయి పాపం" అనుకుంటారు. ఆ కోడలు ప్రతి మాటా వింటూనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ పొలం ఎంతకు అమ్మారో, ఎవరు ఏ మాట అన్నారో, ఆ రోజు ఏ కూర వండిందో సహా చెబుతుంది. పలకకపోవడం వేరు, వినకపోవడం వేరు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి శాస్త్రానికి అంతకాలం పట్టిందంటే, శాస్త్రజ్ఞులు కూడా ఎవరో ఒకరి ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళే కదా అనిపిస్తుంది.

2006లో ఇంగ్లండులో గాబ్రియెలా గిబ్సన్, ఇయాన్ రసెల్ అనే ఇద్దరు పరిశోధకులు అసలు రక్తమే తాగని ఒక జాతి దోమల్ని తీసుకుని, ఆడా మగా జంటను దగ్గర దగ్గరగా కట్టి ఎగరనిచ్చారు. రెండూ తమ రెక్కల వేగాన్ని మార్చుకుంటూ ఒకదాని స్వరానికి ఒకటి చేరువగా వచ్చాయి. రెండూ మగవైనా, రెండూ ఆడవైనా దూరం జరిగాయి. అంటే ఆడదోమ వింటోంది! వినడమే కాదు, జవాబు చెబుతోంది!

2009లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లారెన్ కేటర్, మరి కొందరూ కలిసి డెంగ్యూ దోమల మీద ఇంకొక మెట్టు పైకి వెళ్ళారు. ఇక్కడ కాస్త సంగీతం కావాలి. తంబురా తీగ మీటితే ఒక్క స్వరమే పలకదు కదా. అసలు స్వరం వెనకాలే దానికి రెట్టింపుది, మూడు రెట్లదీ సన్నగా పలుకుతూ ఉంటాయి. దోమ రెక్కకూ అంతే. ఆడది 400, మగది 600 అనుకుందాం. 400కి మూడు రెట్లు 1200. 600కి రెట్టింపు కూడా 1200. ఆ రెండు దోమలూ తమ తమ వేగాన్ని కొద్దికొద్దిగా సవరించుకుంటూ సరిగ్గా ఆ 1200 దగ్గర కలుసుకుంటున్నాయని వాళ్ళు రాశారు. ఆడదోమ చెవిలోకి సన్నని తీగలు పెట్టి పరీక్షించి, సెకనుకు 2000 కంపనాల దాకా దానికి వినబడుతుందని కూడా తేల్చారు. చెవుడు మాట అక్కడితో సరి.

సంగీతం నేర్చుకున్న పాఠకురాళ్ళు ఈపాటికే గ్రహించి ఉంటారు. 400కీ 600కీ ఉన్న నిష్పత్తి షడ్జమానికీ పంచమానికీ ఉన్న నిష్పత్తే. ఆమె 'స', అతను 'ప'. మన తంబురా శ్రుతి!

నేను చదివింది బి.ఏ. నాకీ దోమల పురాణమంతా చెప్పింది మా మేనకోడలు. విశాఖపట్నంలో ఒక కాలేజీలో జువాలజీ లెక్చరరు. పోయిన వేసవిలో దాని పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు మా ఇంటికి వచ్చింది. కుర్రాడు మంచివాడు, హైదరాబాదులో ఉద్యోగం. వాళ్ళవైపు వాళ్ళు కట్నం గిట్నం అనలేదు. ఒకే ఒక్క మాట అన్నారట, "అమ్మాయి ఉద్యోగం మానేసి వస్తుంది కదా" అని. అడగడం కూడా కాదు, 'కదా' అనడం. దానికి మా వదిన, పక్కవాళ్ళు, ఊళ్ళో ఉన్న దూరపు చుట్టాలు అందరూ కలిసి మంత్రం వేసినట్టు ఒకే మాట: "సర్దుకుపోవాలమ్మా."

"అత్తా, సర్దుకుపోవడం అంటే ఎంత?" అని అడిగింది నన్ను. "ఎంత అంటే?" అన్నాను. "గజాల్లోనో, కిలోల్లోనో చెప్పు. ఇంత అని లెక్క ఉంటే ఇచ్చేసి ఊరుకుంటాను. నాకు తెలిసినంతవరకూ దీనికి లెక్క లేదు" అంది. ఆ తరువాతే ఈ దోమల కథ చెప్పింది.

విన్నాక నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎంత చక్కటి దృష్టాంతం! ఇద్దరూ సర్దుకున్నారు. ఎవరి అసలు శ్రుతి వారిదే. ఆమె 600కి ఎగబాకలేదు, అతను 400కి దిగిపోలేదు. ఇద్దరికీ పైన ఉన్న మరో స్వరం దగ్గర కలుసుకున్నారు. సంసారమంటే ఇంతకంటే ఏముంది? "ఇదే కథ మీ అమ్మకి చెప్పవే, ఆ అబ్బాయి వాళ్ళకి కూడా చెప్పు. పుస్తెకట్టు వేళ పురోహితుడి చేత చెప్పిద్దాం" అన్నాను.

అది నవ్వింది. "నువ్విలా అంటావనే మిగతాది దాచాను అత్తా. 2022లో ఆ మాట కాదన్నారు."

అప్పుడు మిగతా సగం కథ చెప్పింది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు మలేరియా దోమల్ని, అంటే ఏడిస్ కాదు, అనాఫిలిస్ జాతిని, పరీక్షించారు. ఆ దోమలు రోజూ సందె వేళ గుంపు కడతాయి. అరగంటకు మించదు ఆ సంబరం. గుంపులో ఉన్నవన్నీ దాదాపు మగవే, ఎక్కడో ఒక ఆడది అందులోకి వచ్చి చేరుతుంది. అంత గోలలో ఆ ఒక్క సన్నని చప్పుడు పట్టుకోవాలి. అందుకని మగదోమ సరిగ్గా ఆ వేళకు తన రెక్కల వేగం పెంచి, ఆడదాని స్వరానికి ఒకటిన్నర రెట్లకు తెచ్చుకుంటుంది. మళ్ళీ మన 'స', 'ప'లే! కానీ ఆమెతో కలిసి పాడడానికి కాదు, ఆమె బాగా వినబడడానికి. ఇక ఇద్దరూ పైస్వరంలో కలుసుకోవడం అన్నది ఉత్త కాకతాళీయమని, స్వరాలు అటూ ఇటూ ఊగుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కలిసినట్టు కనిపించడమే తప్ప సంభాషణ కాదని ఆ పరిశోధకులు రాశారు. జాతులు వేరు కాబట్టి రెండు మాటల్నీ ఒకే తక్కెడలో తూచలేం. అయినా జుగల్‌బందీ కచేరీకి కాస్త తెర పడిందన్న మాట నిజం.

"మరి ఇప్పుడేం చేస్తావు? నీ తరఫు సాక్షి అడ్డం తిరిగిందే!" అన్నాను. నవ్వుతూనే అన్నాను గాని, అది వెళ్ళిపోయాక ఆ మాటే నన్ను పట్టుకుంది. నిజంగానే, దాని తరఫున దోమలెందుకు సాక్ష్యం చెప్పాలి?

ఆలోచించి చూడండి. మనం పుట్టిన దగ్గర్నుంచీ మనకు నీతులు చెప్పింది జంతువులూ పక్షులే. భారతం శాంతిపర్వంలో మగపావురం బోయవాడి ఆకలి తీర్చడానికి అగ్నిలో దూకితే, ఆడపావురం కూడా వెనకే దూకింది. ఎంత పతివ్రత అన్నారు. రాత్రి అయితే విడిపోయి ఏడ్చే చక్రవాకాల జంట కావ్యాల నిండా ఉంది. ఇక పెళ్ళిలో దీవెన సరేసరి, "చిలకాగోరింకల్లా ఉండండి!" చిలక వేరే జాతి, గోరింక వేరే జాతి. ఆ రెండూ ఏ కాలంలోనూ జంట కట్టవు, ఒక గూటిలో గుడ్లు పెట్టవు. అయినా తరతరాలుగా పిల్లా పిల్లాడూ తలలు వంచుకుని ఆ దీవెన అందుకుంటున్నారు. ఒక్కరూ "అయ్యా, అదెలాగండీ?" అని అడగలేదు.

ఉదాహరణలు ఏరడంలోనే మన పెద్దల తెలివంతా ఉంది. కొన్ని జాతుల సాలెపురుగుల్లో ఆడది పని అయ్యాక మగదాన్ని తినేస్తుంది. ఆ ఉదాహరణ ఏ పెళ్ళిలోనైనా విన్నారా? ఆడసింహాలు వేటాడి తెస్తే మగసింహం ముందు తిని మిగిల్చిన తరువాత అవి తింటాయి. ఇది మాత్రం ఉదాహరణగా చెప్పనక్కర్లేదు, చాలా ఇళ్ళలో ఆచారంగానే ఉంది. అంటే ముందు మనకు కావలసిన నీతిని రాసిపెట్టుకుని, ఆ తరువాత దానికి తగిన పక్షినో పురుగునో వెతుక్కుంటున్నాం. ఆడదాని పని వినబడడమే అనుకున్న కాలంలో ఆడదోమ చెవిటిదైంది. దాంపత్యమంటే ఇద్దరూ సమానం అనుకునే కాలం వచ్చేసరికి దోమలు యుగళగీతం పాడాయి. దోమ మాత్రం అప్పుడూ ఇప్పుడూ తన రెక్కలు తను కొట్టుకుంటూనే ఉంది.

దీన్ని వ్యాపారం చేసినవాళ్ళూ ఉన్నారు. బజారులో గోడకు తగిలించే చిన్న డబ్బీలు అమ్ముతారు, సెల్‌ఫోన్లలోకి కూడా వచ్చాయి. మగదోమ చప్పుడు వినిపిస్తే, ఒకసారి జతకట్టిన ఆడదోమ మళ్ళీ ఆ ముఖం చూడనని పారిపోతుందట. అందువల్ల మనల్ని కుట్టదట. మొగుడి గొంతు వినగానే పెరటిదారి పట్టే భార్య బొమ్మ గీసి, దానికి రెక్కలు తగిలించినట్టు లేదూ? ఈ యంత్రాల మీద జరిగిన పది పరిశోధనల్ని కలిపి 2007లో సమీక్షించి చూస్తే, దోమకాట్లు తగ్గించడంలో వీటివల్ల వీసమెత్తు ప్రయోజనం కనబడలేదు. చూశారూ, నచ్చిన కథను దోమల నెత్తిన రుద్దితే మనకు కాట్లే మిగులుతాయి.

అలా అని సైన్సు వల్ల మన బతుక్కి ఏ ఉపయోగమూ లేదనుకోకండి. దోమల కాపురం నుంచి నేర్చుకోవలసింది లేకపోయినా, దోమల్ని చూసినవాళ్ళ నుంచి నేర్చుకోవలసింది ఉంది. చెవిటిదనుకున్న ప్రాణి చెవిలో సన్నని తీగ పెట్టి, నీకు వినబడుతోందా అని అడిగారు చూడండి, అది గొప్ప పని. తమకు ముందున్నవాళ్ళు రాసిన అందమైన కథను, అందంగా ఉంది కదా అని ఒప్పుకోకుండా మళ్ళీ కొలిచి చూశారే, అదీ గొప్పే. అడగాలి, కొలవాలి. మన ఇళ్ళలో సర్దుకుపోవడం అన్న మాటకు ఈ రెండూ జరగవు. ఎవరు ఎంత సర్దుకున్నారో కొలిచినవాళ్ళు లేరు. సర్దుకోగలవా అని అడిగినవాళ్ళు అసలే లేరు. నా మేనకోడలు గజాల్లో చెప్పమన్నది అందుకే.

ఇద్దరూ చెరి కాస్త జరగాలన్నది దోమలు చేస్తే న్యాయం, చేయకపోతే అన్యాయం అయిపోదు. 2009లో అది ప్రకృతి ధర్మమై, 2022లో కాకుండా పోయిందా? అలాగైతే మన మంచిచెడ్డలు పరిశోధకుల పత్రికల కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. దోమ తన స్వరం మార్చుకున్నా అది ఔదార్యం కాదు, మార్చుకోకపోయినా స్వార్థం కాదు. దానికి ఇంకో దారి తెలియదు. మనకు తెలుసు. చెయ్యకుండా ఉండగలిగి కూడా చేసినప్పుడే దాన్ని మనం మంచితనం అంటాం. బలవంతాన చేయిస్తే అది సర్దుకోవడం కాదు, అణగడం. ఈ రెంటికీ మన భాషలో ఒకే మాట వాడుతున్నాం కాబట్టే ఇంత గందరగోళం.

అందుకే మళ్ళీ ఫోను చేసినప్పుడు దానితో అన్నాను, "దోమల్ని వదిలెయ్యి. నువ్వు ఉద్యోగం మానాలో వద్దో నేను చెప్పను. కానీ ఆ అబ్బాయిని ఒక్క మాట అడిగావా? అతను వైజాగ్ రాగలడేమో అని?" అవతల కాసేపు చప్పుడు లేదు. "ఎవ్వరం అడగలేదు అత్తా. నేనూ అడగలేదు. వాళ్ళు 'కదా' అన్నారని, అతనూ అదే అనుకుంటున్నాడని అనుకున్నాం" అంది. అంటే మా వాళ్ళందరూ కలిసి ఈసారి ఆ కుర్రాణ్ణి చెవిటివాణ్ణి చేశారన్నమాట! రాలేదు కాబట్టి వినబడలేదు, మాట్లాడలేదు కాబట్టి ఆలోచన లేదు.

అడిగింది. వెంటనే వస్తానని అతను అనలేదు. సినిమాల్లోలాగా ఏమీ జరగలేదు. "ఈ సంగతి నన్నెవరూ అడగలేదండీ. ఆఫీసులో కనుక్కుని చెబుతాను" అన్నాడట. అతనికి రెండేళ్ళు హైదరాబాదు వదలడం కుదరదు, ఆ తరువాత కుదరవచ్చు. దీనికి ఒక ఏడాది జీతంలేని సెలవు దొరకవచ్చు, ఆ పై సంవత్సరానికి హైదరాబాదు బదిలీ ప్రయత్నించవచ్చు. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఆ లెక్కలు వేసుకుంటున్నారు. మా వదినకు ఇదంతా బేరంలా కనిపిస్తోంది. "పెళ్ళికి ముందే ఇన్ని లెక్కలా!" అని నొచ్చుకుంటోంది. పెళ్ళయిన తరువాత వేసే లెక్కలు ఎంత చేదుగా ఉంటాయో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని నేనేమీ అనలేదు.

ఈ సంబంధం కుదురుతుందో లేదో నాకు తెలియదు. కుదరకపోయినా ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారన్న తృప్తి ఉంటుంది.

ఇంకొక్క ముక్క చెప్పి ముగిస్తాను, నీతిగా కాదు, ఆశ్చర్యంగా. మగదోమ ఆడదోమ చప్పుడును ఎలా వింటుందో తెలుసా? దాని చెవినరాలకు అంత హెచ్చుస్వరం సూటిగా పట్టదు. ఆమె 400, తన 600, ఈ రెండూ దాని చెవిలో కలిసి, వాటి తేడా అయిన 200 అనే ఇంకో సన్నని స్వరం పుడుతుంది. ఆ తేడానే అది వింటుంది. తన రెక్కలు ఆడకపోతే ఆ తేడా పుట్టదు, ఆమె చప్పుడు సరిగా అందదు. మలేరియా దోమల్లోనైతే మగదాని మీసాల వెంట్రుకలు పగలంతా ముడుచుకుని ఉండి, సందె వేళకు విచ్చుకుంటాయి. 2024లో కాలిఫోర్నియాలో ఒకే ఒక్క జన్యువును పనిచెయ్యకుండా చేసి డెంగ్యూ మగదోమల్ని చెవిటివాటిని చేశారు. ఆడదోమలతో ఒకే పంజరంలో రోజుల తరబడి ఉంచినా అవి ఒక్కదాన్నీ తాకలేదు. చెవుడు తెప్పించిన ఆడదోమల విషయంలో పెద్దగా మార్పు రాలేదు.

ఈ చివరి వాక్యాన్ని ఏ నీతికి వాడుకోవాలా అని ఇప్పటికే మీలో కొందరు ఆలోచిస్తూ ఉంటారు. వద్దు. దాన్ని దోమలకే వదిలేద్దాం. రాత్రికి తెర సరిగా దోపుకుని పడుకోండి, కుండీల కింద నీళ్ళు నిలవ ఉంటే పారబోయండి. ఇంట్లో ఎవరైనా చాలాకాలంగా పలకకుండా ఉంటే మాత్రం, వాళ్ళకు వినబడడం లేదనుకోకుండా ఒకసారి పక్కన కూర్చుని అడిగి చూడండి.